బోరు నీళ్లకు కొబ్బరి పీచు లెక్క అయిన జుట్టుకు ఏ డీప్ కండిషనర్ కొనాలె?

చెల్లె, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. హన్మకొండల హాస్టల్ల ఉంటున్నవ్, అక్కడంతా బోరు నీళ్లే, రెండేండ్ల కింద స్మూతనింగ్, అంటే మందు పెట్టి జుట్టు సాపు చేసేది, చేయించుకున్నవ్, జుట్టు నడుము పైదాకా ఉంది, మూడు నెలల నుంచి తలకు పోసుకున్నప్పుడల్లా కెరాటిన్ మాస్క్ పెడుతున్నవ్, మొదట్ల మెత్తగనే అనిపించింది గానీ ఇప్పుడు పీచు లెక్క అయ్యి దువ్వుతుంటే టుక్కు టుక్కుమని తెగుతున్నయ్ అన్నవ్. మూడు వందల డబ్బా కాడికెళ్లి పదిహేను వందల డబ్బా దాకా చూసి ఏది కొనాల్నో తెలుస్తలేదు, ఒక మంచి డీప్ కండిషనర్ పేరు చెప్పమన్నవ్.

పేరు కంటే ముందు జవాబు చెప్త. ఆ కెరాటిన్ మాస్క్ ఇయ్యాల్టి నుంచి ఆపు, కెరాటిన్ అంటే ప్రోటీనే. ఒక చీలేటింగ్ షాంపూ, అంటే గట్టి నీళ్ల కాల్షియంను పట్టి తీసే షాంపూ, తెచ్చి బోరు నీళ్లకు జుట్టు మీద పట్టిన పొర తీసెయ్యి. ఆ తర్వాత ప్రోటీన్ లేని, తేమ ఇచ్చే మాస్క్ వారానికి ఒక్కసారి పది పదిహేను నిమిషాలు పెట్టు. మూడు వందల డబ్బా సాలు, పదిహేను వందలది వద్దు. నువ్వు రాసిన దాన్ని బట్టి నీ జుట్టుకు తక్కువైంది ప్రోటీన్ కాదు, అది ఎక్కువై, దానికి బోరు నీళ్లు తోడైనయ్.

నేను పదిహేడేండ్ల నుంచి హన్మకొండల పార్లర్ నడుపుతున్న. నీ అసుంటి జుట్టు వారానికి ఇద్దరు ముగ్గురిదన్నా నా చేతుల మీదికెళ్లి పోతది, అందుట్ల సగం మంది హాస్టల్ పిల్లలే. అందుకే జర వివరంగ రాస్తున్న, ఓపికతోని చదువు.

ముందు వెంట్రుక గురించి ఒక్క ముచ్చట. పాత ఇండ్ల మీద గూన పెంకలు చూసినవ్ కదా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటయ్, వాన పడితే నీళ్లు జారిపోతయ్. వెంట్రుక పైపొర గూడ అట్లనే ఉంటది, సన్న సన్న పెంకలు, కుదురు నుంచి కొస దిక్కు పరుచుకొని. ఆ పెంకలు సక్కగ పండుకొని ఉంటే జుట్టు మెరుస్తది, చిక్కు పడది. స్మూతనింగ్, రంగు, స్ట్రెయిటనర్ వేడి, ఎండ, పొడిగున్నప్పుడు బరబర దువ్వుడు, వీటన్నిటికీ పెంకలు లేస్తయ్, కొన్ని ఊడిపోతయ్. చర్మం బయటికి వచ్చిన వెంట్రుకల ప్రాణం ఉండది కాబట్టి అది తనంతట తాను మానుకోదు. ఏ డబ్బా మీదన్నా "రిపేర్" అని రాసి ఉంటే అది పోయిన పెంకను మల్ల మొలిపిస్తదని కాదు, లేచిన పెంకల మీద ఒక సన్న పూత పూస్తదని.

ఆ పూత ఎట్ల అంటుకుంటదో తెలిస్తే డబ్బా ఎంచుకునుడు అల్కగైతది. తడి జుట్టుకు నెగెటివ్ చార్జ్ ఉంటది, దెబ్బ తిన్న చోట ఇంకా ఎక్కువ ఉంటది. కండిషనర్ల అసలు పని చేసే సరుకుకు పాజిటివ్ చార్జ్ ఉంటది, అందుకే అది పోయి ఎక్కడ దెబ్బ ఉందో అక్కడే ఎక్కువ అంటుకుంటది, నీళ్లు పోసినా మొత్తం పోదు. లేబుల్ మీద బెహెంట్రైమోనియం క్లోరైడ్ అనో సెట్రైమోనియం క్లోరైడ్ అనో ఉంటది చూడు, అదే. దాని పక్కనే సెటైల్ ఆల్కహాల్, సెటెరైల్ ఆల్కహాల్ అని ఉంటయ్. పేరుల ఆల్కహాల్ చూసి భయపడకు, అవి మైనం లెక్క గట్టిగుండే కొవ్వు సరుకులు, జుట్టును ఎండబెట్టయ్, మెత్తగ చేస్తయ్. ఇగ డీప్ అన్న మాటకు లోపలిదాకా దిగుతదని అర్థం చెప్పుకోకు. రోజు వాడే కండిషనర్ కంటే ఈ కొవ్వు సరుకులు, నూనెలు జర చిక్కగ ఉంటయ్, ఎక్కువసేపు పెట్టుకుంటం, గంతే. మా పార్లర్ల చేసే హెయిర్ స్పా కూడ అదే రకం క్రీము, దానికి ఆవిరి, మర్దన తోడు. సద్దుల బతుకమ్మ ముందు నాలుగు రోజులు స్పా కోసమని కూసునే జాగ కూడ ఉండది మా దగ్గర, వచ్చినోళ్లందరికీ నేను ఇదే చెప్త, ఇంట్ల సక్కగ పెట్టుకుంటే నెలనెలా నా దగ్గరికి రానక్కర లేదని.

ఇప్పుడు నీ నీళ్ల సంగతి. హాస్టల్ల కెటిల్ లోపల తెల్లగ పొర కడుతదా? బకెట్ అంచుకు, నల్లా మూతికి సున్నం పట్టినట్టు ఉంటదా? ఆ నీళ్లతోని పప్పు తొందరగ ఉడకదా? ఇవి ఉంటే నీళ్లు గట్టి నీళ్లే. అందుట్ల కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. తాగే నీళ్లల్ల మొత్తం హార్డ్‌నెస్ లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటొద్దని, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఆ లెక్క తాగే నీళ్లకు, తలకు పోసుకునే బోరు నీళ్లను ఎవరు కొలుస్తరు చెప్పు. టీడీఎస్ మీటర్ పెట్టి చూసేటోళ్లు ఉంటరు గానీ అది నీళ్లల్ల కరిగిన అన్ని లవణాలు కలిపి చెప్తది, హార్డ్‌నెస్ ఒక్కటే చెప్పది.

ఈ కాల్షియం వెంట్రుకకు అంటుకుంటది, అదీ దెబ్బ తిన్న జుట్టుకు ఎక్కువ అంటుకుంటది, ఎందుకంటే దానికీ పాజిటివ్ చార్జే. అర్థమైందా, కండిషనర్ పోయి కూసోవాల్సిన జాగల ముందే కాల్షియం కూసుంది. అందుకే నువ్వు ఎంత ఖరీదైన మాస్క్ తెచ్చినా మొదటిసారి బాగనిపించి తర్వాత పని చేస్తలేదనిపిస్తది. చాన మంది ఇక్కడే డబ్బా మీద డబ్బా మారుస్తరు, పైసలన్ని నీళ్ల పాలు.

ఈ పొర మామూలు షాంపూకు పోదు. క్లారిఫైయింగ్ అని వచ్చే షాంపూలు నూనె, సిలికోన్ బాగ తీస్తయ్ గానీ కాల్షియంను అంతగ తియ్యవు. చీలేటింగ్ లేకుంటే హార్డ్ వాటర్ కోసమని రాసి ఉన్నది చూడు, అందుట్ల డైసోడియం ఈడీటీఏ, టెట్రాసోడియం ఈడీటీఏ, సోడియం గ్లూకోనేట్, ఫైటిక్ యాసిడ్ అసుంటివి ఉంటయ్, ఇవి కాల్షియంను పట్టుకొని నీళ్లతోని పాటు తీసుకపోతయ్. ఈడీటీఏ మామూలు షాంపూలల్ల గూడ కొసకు జరంత ఉంటది, అది సరుకు పాడుగాకుండా ఏసేది, దాన్ని చూసి మోసపోకు, పేరు లిస్టుల జర పైకి ఉండాలె. మొదటి రెండుసార్లు వరుసగ దానితోనే పోసుకో, నురుగు పెట్టి మూడు నాలుగు నిమిషాలు ఉంచి కడుగు. తర్వాత రెండు మూడు వారాలకోసారి సాలు, ప్రతిసారి వాడితే అది గూడ ఎండబెడతది. రంగు ఏసుకున్నోళ్లకు రంగు తొందరగ దిగుతది, అది యాదిల పెట్టుకో.

నల్లాకు తగిలించే ఫిల్టర్ కొనాల్నా అని చాన మంది అడుగుతరు, నువ్వు గూడ అడుగుతవ్, ముందే చెప్త. చిన్న షవర్ ఫిల్టర్లు క్లోరిన్‌ను తగ్గిస్తయేమో గానీ గట్టి నీళ్లను మెత్తగ చెయ్యవు, దానికి ఉప్పు ఏసి నడిపే సాఫ్ట్‌నర్ మిషన్ కావాలె, హాస్టల్ల నువ్వొక్కదానివి పెట్టించలేవు. దానికి బదులు తాగే నీళ్ల క్యాన్ వస్తది కదా ఇరవై లీటర్లది, అందుట్లకెళ్లి రెండు మూడు లీటర్లు పక్కకు పెట్టుకొని చివరిసారి కడుగుడు ఆ నీళ్లతోని కడుగు. మామూలుగ కనిపిస్తది గానీ నేను చెప్పిన పిల్లలల్ల ఎక్కువ తేడా చూసింది దీంతోనే.

ఇగ అసలు ముచ్చట, ప్రోటీనా తేమనా.

వెంట్రుక అంటేనే కెరాటిన్ అనే ప్రోటీన్. రంగు, బ్లీచ్ ఎక్కువైనప్పుడు లోపలి ప్రోటీన్ కొంత పోతది, అప్పుడు హైడ్రొలైజ్డ్ కెరాటిన్, హైడ్రొలైజ్డ్ వీట్ ప్రోటీన్, సిల్క్ ప్రోటీన్ ఉన్న మాస్క్ వెంట్రుకకు జర గట్టిదనం ఇస్తది. హైడ్రొలైజ్డ్ అంటే చిన్న చిన్న ముక్కలుగ విరగ్గొట్టిందని, అట్లయితేనే అంటుకుంటది, కొంత లోపలికి పోతది. మంచిదే, కాదంటలేను. గానీ అవసరం లేని జుట్టుకు ప్రతిసారి పెడితే గట్టిగయ్యి, గంజి ఎక్కువ పెట్టిన కాటన్ చీర లెక్క బిరుసై, వంచితే విరుగుతది. నీకు అయింది ఇదే అనుకుంటున్న, అయినా నా మాట మీద కాదు, నువ్వే చూసుకో.

దువ్వెనకు ఊడి వచ్చిన ఒక వెంట్రుక తీసుకొని నీళ్లల్ల తడిపి రెండు చేతులతోని మెల్లగ గుంజు. కొంచెం సాగి, ఇడిసిపెడితే మల్ల ఎనకకు వస్తే బాగున్నట్టు. సాగకుండనే టుక్కున తెగితే తేమ తక్కువ, లేకుంటే ప్రోటీన్ ఎక్కువైంది, తేమ మాస్క్ కావాలె. సాగుకుంట సాగుకుంట పోయి ఎనకకు రాకుండ నానిన సేమ్యా లెక్క మెత్తగ ఉంటే ప్రోటీన్ కావాలె. ఒక్క వెంట్రుకతోని తేల్చకు, నాలుగైదు చూడు, కొసలు వేరే, పైభాగం వేరే చూడు. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, మా పనోళ్ల చేతి లెక్క, గానీ ఇన్నేండ్లల్ల నన్ను చాన తక్కువసార్లు తప్పుదోవ పట్టించింది. గ్లాసు నీళ్లల్ల వెంట్రుక ఏసి మునిగిందా తేలిందా చూసే పరీక్ష మాత్రం నమ్మకు, దానికి జరంత నూనె ఉన్నా తేలుతది.

పైభాగం, కొసలు వేరే అని ఎందుకన్ననంటే, జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర పెరుగుతది. నువ్వు స్మూతనింగ్ చేయించి రెండేండ్లు, అంటే సుమారు ఒక అడుగు కొత్త జుట్టు వచ్చింది. దానికి కింద ఉన్నదే ఆ మందు తిన్న జుట్టు. నీ నెత్తి మీద ఇప్పుడు రెండు రకాల జుట్టు ఉంది, పైన అడుగు మేర నీ సొంతది, కింద స్మూతనింగ్‌ది, రెండిటికీ ఒకే తీరుగ ఒకే అంత మాస్క్ పెడితే ఎట్ల? కింద ఎక్కువ పెట్టు, పైన చేతికి మిగిలింది రాసినా సాలు. ఇంకోటి, కొసలు చీలి ఉంటే రెండించులన్నా కత్తిరించు. నొప్పిగుంటది, నాకు తెలుసు, నీ అసుంటి పిల్లలు నా కుర్చీల కూసొని ఏడుస్తరు, గానీ చీలిన కొసను ఏ క్రీమూ అతికియ్యది, చీలిక ఇంకా పైకే ఎక్కుతది.

నా దగ్గరికి వచ్చినోళ్ల ముచ్చట రెండు చెప్త. కాజీపేట నుంచి ఒకామె వచ్చింది, రైల్వేల పని, నలభై దాటినయ్, సన్నటి జుట్టు. ఎవరో చెప్పిండ్రని వారానికి మూడుసార్లు కెరాటిన్ షాంపూ, కెరాటిన్ మాస్క్, పైకెళ్లి కెరాటిన్ సీరమ్. జుట్టు పట్టుకుంటే చీపురు పుల్లలు పట్టుకున్నట్టే ఉండె. నేను ఏం అమ్మలే ఆమెకు, ఆ మూడూ ఆపి, చీలేటింగ్ చేసి, మామూలు తేమ కండిషనర్ ఒకటి వాడమన్న. ఆరేడు వారాలకు వచ్చి చెయ్యి పెట్టి చూపించింది, మెత్తగయింది. ఇంకో పిల్ల ఉల్టా. బీటెక్, బ్లీచ్ ఏసి హైలైట్స్ చేయించుకుంది, ఒకటే రోజుల రెండుసార్లు బ్లీచ్ పెట్టిండ్రంట, తడి జుట్టు రబ్బరు లెక్క సాగుతుండె. ఆమె ఇంట్ల తేమ మాస్కులే పెట్టుకుంటుంది, రాత్రంతా పెట్టి పొద్దుగాల కడుగుతుంది, ఇంకా మెత్తబడి తెగుతుంది. ఆమెకు ప్రోటీన్ మాస్క్ రెండు వారాలకోసారి పెట్టిచ్చి, రాత్రంతా ఉంచుడు బంద్ చేయిస్తే కొంచెం నిలబడ్డది, ఆ బ్లీచ్ అయిన ముక్క మెల్లమెల్లగ కత్తిరించుకుంట పోయినం. ఇద్దరికీ ఒకటే డబ్బా ఇచ్చి ఉంటే ఒకరిది పాడైతుండె. అందుకే పేరు చెప్పమంటే నా నోటికి పేరు తొందరగ రాదు.

రాత్రంతా పెట్టుకోవద్దు నువ్వు గూడ. మాస్క్ చేసే పని చాన మటుకు మొదటి పది పదిహేను నిమిషాలల్లనే అయిపోతది. గంటలు గంటలు తడిల నానుడు వెంట్రుకకు మంచిది కాదు, ఉబ్బుతది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలె నీకు. పని నేర్చుకున్న కొత్తల మాకు చెప్పింది స్పా క్రీము నెత్తికి పట్టించి మర్దన చెయ్యమని, నేను అందరికీ అట్లనే చేసిన. నూనె కారే నెత్తి ఉన్న ఒక పిల్లకు, చుండ్రు ఉందని చెప్పినా, అట్లనే పెట్టిన. వారం దినాలకు వాళ్లమ్మ పిల్లను పట్టుకొని వచ్చింది, నెత్తి అంతా దురద, చుండ్రు డబుల్ అయింది. ఆ పిల్ల గోకుకునుడు ఇప్పటికీ కండ్ల ముందట ఉంది నాకు. అప్పటి నుంచి డీప్ కండిషనర్ చెవుల కింద నుంచి కొసలకే, నెత్తికి పెట్టను, పెట్టనియ్యను.

ఇగ పెట్టుకునే పద్ధతి. షాంపూ అయినంక జుట్టును టవల్‌తోని రుద్దకు, పాత కాటన్ టీషర్టుతోని పిండు, నీళ్లు కారేటట్టు ఉంటే మాస్క్ నీళ్లల్ల కొట్టుకపోతది, చాన మంది ఇక్కడ తప్పు చేస్తరు, నీళ్లు కారుతుంటనే పెట్టి, డబ్బా పని చేస్తలేదంటరు. నాలుగు పాయలు చెయ్యి, నీ పొడవుకు రెండు మూడు చెంచాలు సాలు, వేళ్లతోని కిందికి గుంజుకుంట రాయి, వెడల్పు పండ్ల దువ్వెనతోని అప్పుడే చిక్కు తీయి, కొసల నుంచి మొదలుపెట్టి పైకి పో. మీద షవర్ క్యాప్ లేకుంటే కవర్ కట్టి, గోరువెచ్చని టవల్ చుట్టుకో. పదిహేను నిమిషాలు. తర్వాత కడుగు, చివరికి ఆ క్యాన్ నీళ్లు. రెండోసారి పోసుకున్నప్పుడు, అంటే మాస్క్ లేని రోజు, మామూలు కండిషనర్ రెండు నిమిషాలన్నా పెట్టాలె, ఆ రోజు ఉత్త షాంపూతోని ఇడిసిపెట్టకు.

కొనేటప్పుడు డబ్బా ముందట రాసింది చదవకు, ఎనక చదువు. సరుకులు ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది ఎనక రాస్తరు. నీకు కావాల్సింది మొదటి ఆరేడు పేర్లల్ల సెటెరైల్ ఆల్కహాల్, బెహెంట్రైమోనియం, గ్లిజరిన్, ఏదన్నా నూనె లేకుంటే షియా బటర్ ఉండాలె, పాంథెనాల్ ఉంటే ఇంకా మంచిది. హైడ్రొలైజ్డ్, కెరాటిన్, ప్రోటీన్, అమైనో అన్న మాటలు పైకి కనబడితే ఇప్పుడైతే పక్కకు పెట్టు. ముందట ఆర్గాన్ ఆయిల్ బొమ్మ పెద్దగ ఉండి ఎనక లిస్టుల సెంటు పేరు తర్వాత ఉంటే అది బొమ్మకే ఉన్నట్టు. సిలికోన్ గురించి భయపెడతరు ఆన్‌లైన్ల, డైమెథికోన్, అమోడైమెథికోన్ అని. నీ అసుంటి తెగే జుట్టుకు అవి మంచే చేస్తయ్, దువ్వెన జారుతది, తెగుడు తగ్గుతది. సన్నటి, జిడ్డు జుట్టోళ్లకైతే బరువనిపిస్తయ్, నీకు కాదు.

ఇంటి వైద్యం సంగతి గూడ అడుగుతరు. కొబ్బరినూనె మంచిది, ఇది అమ్మమ్మల మాట ఒక్కటే కాదు, కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడిటినీ పోల్చి 2003ల వచ్చిన పరిశోధనల ప్రోటీన్ పోకుండ ఆపింది కొబ్బరినూనె ఒక్కటే, ఎందుకంటే అది వెంట్రుక లోపలికి పోగలదు. తలకు పోసుకునే ముందు గంట రెండు గంటలు పొడవుకు రాసి తర్వాత షాంపూ చెయ్యి, చుండ్రు ఉంటే నెత్తికి వద్దు. మందారం ఆకు, నానబెట్టిన మెంతులు రుబ్బి పెడితే ఆ జిగురుకు చిక్కు బాగ పోతది, మా అమ్మ ఇప్పటికీ కుంకుడుకాయ పులుసుల మందారం ఆకు పిసికే పోస్తది. కాకపోతే సక్కగ వడగట్టాలె, హాస్టల్ల నీకు కుదరది. కోడిగుడ్డు మాత్రం పెట్టకు, అందుట్ల ప్రోటీన్ పెద్దది, వెంట్రుక లోపలికి పోదు, వేడి నీళ్లు తగిలితే అక్కడే ఉడికి అట్టు కడతది, రెండు రోజులు వాసన.

ఒకటి జాగ్రత్తగ విను. తెగుడు వేరు, కుదురు నుంచి రాలుడు వేరు. పడ్డ వెంట్రుకను చూడు, ఒక కొసకు తెల్లటి చిన్న గుండు ఉంటే అది కుదురు నుంచి వచ్చింది, లేకుంటే మధ్యల తెగింది. తెగుడుకు నేను చెప్పింది పని చేస్తది. కుదురు నుంచి కుప్పలు కుప్పలు వస్తుంటే, పాపిడి వెడల్పైతుంటే, రూపాయి బిళ్లంత జాగ ఖాళీ అయితే ఏ కండిషనరూ ఏం చెయ్యది, చర్మం డాక్టర్ దగ్గరికి పో, రక్తం, థైరాయిడ్ చూపించుకో. పోయినేడు ఒకామె నా దగ్గర స్పా ప్యాకేజీ అడిగితే పాపిడి చూసి డాక్టర్ దగ్గరికి పంపిన, రక్తం బాగ తక్కువ ఉండె ఆమెకు.

ఇంకా, డబ్బా కెరాటిన్ మాస్క్ వేరు, పార్లర్లల్ల చేసే కెరాటిన్ ట్రీట్‌మెంట్ వేరు. రెండోదాంట్ల మందు పెట్టి ఇస్త్రీ చేస్తరు, కొన్నిట్ల వేడికి ఫార్మాల్డిహైడ్ పొగ వస్తది, కండ్లు, గొంతు మండుతయ్. జుట్టు పీచైందని ఇప్పుడు పోయి అది చేయించుకోకు, నా దగ్గరికి వచ్చినా చెయ్యను.

రెండు చీలేటింగ్‌లు, నాలుగు మాస్కులు అయినంక, అంటే నెల రోజులకు, మల్ల వెంట్రుక తడిపి గుంజి చూసి ఇక్కడనే రాయి. నీ పాత కెరాటిన్ డబ్బా పారెయ్యకు, మూత గట్టిగ పెట్టి పక్కకు పెట్టు, నెల తర్వాత కొసలు సాగి ఎనకకు రాకుండ ఉంటే ఆ కింది జానెడు జుట్టుకే నెలకోసారి ఐదు నిమిషాలు పెడుదువు గానీ.